పది సర్వే నంబర్లు

నాకు అనుమతి వచ్చిన రోజు మధ్యాహ్నం టీ బంకు దగ్గర ఒక్కరూ లేరు. మే నెల ఎండ. బత్తలపల్లె రోడ్డు మీద తారు మెత్తబడి, లారీ పోయినప్పుడల్లా చక్రాలకు అంటుకుని చిటపటమంటోంది. ఫోను మోగితే ఎవరైనా చేశారేమో అనుకున్నాను. మెసేజి. కూడబలుక్కుని చదివాను. "మీ దరఖాస్తు ఆమోదించబడింది. ఇకపై మీరు ఏజెంటుగా పూర్తి లిస్టు చూడవచ్చు." మళ్లీ చదివాను. నలభై ఆరేళ్లు వచ్చాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఏదైనా రెండుసార్లు చదివితే తప్ప నాకు నమ్మకం కుదరదు.

ఆ లిస్టు ఏమిటో ముందు చెప్పాలి. మా వైపు అమ్మకానికి ఉన్న చేలన్నీ ఒక కంపెనీ వాళ్లు ఫోనులో పెట్టారు. మామూలు మనిషి తెరిస్తే ఫొటో, ధర, ఊరు, అంతవరకే కనిపిస్తాయి. సర్వే నంబరు, యజమాని పేరు, చేను హద్దులు, నీళ్ల సంగతి చూడాలంటే కంపెనీ ఒప్పుకున్న ఏజెంటు అయ్యుండాలి. పద్నాలుగేళ్లుగా నా బంకు దగ్గర కార్లు ఆగుతూనే ఉన్నాయి. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు టీ తాగుతూ, "ఈ పక్క చేను ఏమన్నా దొరుకుతుందా అమ్మా?" అని అడిగేవాళ్లు. నేను చెప్పేదాన్ని. బ్రోకర్లు ఆ మాట పట్టుకుని పోయి బేరం చేసుకునేవాళ్లు.

ఈ ఏడాది రోడ్డు వెడల్పు చేస్తామని కొలతలవాళ్లు వచ్చి నా బంకు గుంజకు ఎర్రరంగు పూసి పోయారు. ఆ గుర్తు చూసి ఒక బ్రోకరు నవ్వాడు.

"అక్కా, నీ బంకుకు బొట్టు పెట్టినారే! ఇంగ సాగనంపేదే."

"నువ్వు నవ్వు నాయనా. పొట్ట నాది గదా."

"నవ్వలేదక్కా. నీకు తెలిసినన్ని చేన్లు నాకు తెలీవు. నువ్వే ఏజెంటు అయిపో. సదువు నేర్చినావు గదా, ఇంగేం భయం?"

ఆ మాటే నన్ను ఎక్కించింది. సదువు నేర్చినావు గదా! అతను ఫోనులో ఆ కంపెనీ యాప్ ఎక్కించి ఇచ్చి వెళ్లిపోయాడు. మిగతాదంతా నేనే చేసుకున్నాను. ఎవరినీ సాయం అడగకూడదని పట్టు.

తొమ్మిది రోజులు పట్టింది. ఆధారు కార్డు రెండు వైపులా ఫొటో తీయమంది. పాన్ కార్డు అడిగింది, లేకపోతే ధర్మవరం పోయి చేయించుకుని వచ్చాను. ముఖం చూపించమంది. ఎడమకు తిప్పు, కుడికి తిప్పు, కళ్లు మూసి తెరువు. నా వెనక ఎండ పడుతోందని మూడుసార్లు కాదంది. నాలుగోసారి బంకు లోపలికి పోయి, పొయ్యి పక్కన నిలబడి తిప్పాను. ఒప్పుకుంది. ఆ తర్వాత ఒక పేజీ వచ్చింది. "మీ ప్రాంతంలో మీకు తెలిసిన కనీసం పది ఆస్తుల పూర్తి వివరాలు నింపండి."

నేను దాన్ని పరీక్ష అనుకున్నాను. ఈమెకు నిజంగా చేలు తెలుసా, ఊరికే వచ్చిందా అని చూస్తున్నారనుకున్నాను. నా జన్మలో నేను రాసిన పరీక్ష ఒక్కటే. వయోజనుల బడి చివరి రోజున పంతులమ్మ పెట్టింది. అందులోనూ పది ప్రశ్నలే.

ఆ బడి మా ఊరి పాలకేంద్రం వరండాలో నడిచేది. సాయంత్రం పాలు పోసే వేళకు ముందు గంటన్నర. పుస్తకాలు ఇంకా రాలేదని మొదటి రోజే పంతులమ్మ చెప్పింది. ఇంట్లో అక్షరాలున్న కాగితం ఏదుంటే అది రేపు తెచ్చుకోండి అంది. మరుసటి రోజు పదకొండు మందిమి వచ్చాం. ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది లేదు. అయినా పదిమంది చేతుల్లోనూ ఒకటే ఉంది, భూమి పాసుపుస్తకం. మా ఇళ్లల్లో అక్షరాలంటే అవే. కవర్లో చుట్టి, ట్రంకుపెట్టె అడుగున, కర్పూరం బిళ్లతో పాటు దాచినవి. పండగకు దేవుడి గూట్లో పెట్టి పసుపు కుంకుమ పెట్టడం వల్ల కొన్ని పేజీల్లో పేర్ల మీద పసుపు మరకలు.

పదకొండోదాన్ని నేను. నా దగ్గర పాసుపుస్తకం లేదు. మా ఆయన బతికి ఉండగానే ఉన్న రెండెకరాలూ బోర్లలోకి పోయాయి. నేను రేషన్ కార్డు తెచ్చాను. దాన్ని చూసి అందరూ నవ్వారు. నవ్వని మనిషి ఒక్కతే. వరసకు వదిన అవుతుంది, నాకంటే పదేళ్లు పెద్దది.

"నవ్వేదేముండాది? నాది ఇద్దరికీ సాలుతుంది. ఇట్ల జరుగు మే," అని తన పాసుపుస్తకం మా ఇద్దరి మధ్య పెట్టింది.

అట్లా నేను అక్షరాలు నేర్చుకున్నది వదిన చేను మీద. నేను మొదట చదివిన మాట "మెట్ట". తర్వాత వదిన పేరు. తర్వాత వాళ్ల నాయన పేరు. సర్వే నంబరు నూట పన్నెండు బై రెండు. నాలుగు ఎకరాల పన్నెండు సెంట్లు. "సంక్రమించిన విధము" అని ఒక గడి ఉండేది, దాని కింద "వారసత్వం". ఆ మాట పలకడానికి మా ఇద్దరికీ మూడు రోజులు పట్టింది.

పుస్తకాలు వచ్చాక కూడా మేము పాసుపుస్తకాలు వదల్లేదు. ఒకరివి ఒకరం మార్చుకుని చదివేవాళ్లం. వేరుశనగ చేలో కలుపు తీస్తూ ఒకరినొకరు అడిగేవాళ్లం. "దానిది సెప్పు సూద్దాం." "తొంభై ఏడు బై ఒకటి, మూడు ఎకరాల నలభై సెంట్లు, మెట్ట, కొనుగోలు." తప్పు చెబితే, అడిగినామె సాలులో కలుపు కూడా తప్పు చెప్పినామే తీయాలి. పాటలాగా నోటికి వచ్చేశాయి. పదిమందివి, పది నంబర్లు.

కంపెనీ పది అడిగింది. నేను పాసుపుస్తకం ఒక్కటి కూడా చూడకుండా పదీ నింపాను.

సర్వే నంబరు, విస్తీర్ణం, యజమాని పేరు. అంతటితో ఆగలేదు. నీటి సౌకర్యం అని ఒక గడి ఉంది. యజమాని పరిస్థితి అని ఒక గడి ఉంది. పంతులమ్మ ఎప్పుడూ చెప్పేది, ఒక్క మాటలో జవాబు రాయొద్దు, వాక్యం రాయండి అని. నేను వాక్యాలు రాశాను. వదిన చేనుకు రాసింది ఇది: "మూడు బోర్లు వేశారు. మూడూ ఎండిపోయాయి. భర్త లేడు. పిల్లలు లేరు. చేలోనే ఇల్లు. ఒక్కతే ఉంటుంది. మోకాళ్ల నొప్పులు." చదువుకుని, బాగుందనుకున్నాను. ఫొటో అడిగితే మరుసటి రోజు గట్టు మీద నుంచి తీశాను. వదిన దూరంగా వేపచెట్టు కింద మేకకు ఆకు వేస్తూ ఉంది. ఎర్రచీర చుక్కలాగా పడింది.

అన్నిటికంటే కింద ఒక చిన్న గడి. "ఈ ఆస్తుల యజమానుల సమ్మతి తీసుకున్నాను." చదివాను. అర్థం కాలేదని చెప్పను. పరీక్షకు సమ్మతి ఎందుకులే అనుకున్నాను. గడి నొక్కాను. రైటు గుర్తు పడింది.

అనుమతి వచ్చిన ఆ మధ్యాహ్నం లిస్టు తెరిస్తే మా ఊరి పటం వచ్చింది. ఇంత వరకు ఫొటోలు, ధరలు మాత్రమే చూసిన చోట ఇప్పుడు చేలకు చేలు గీతలతో సహా ఉన్నాయి. అమ్మకానికి ఉన్నవి పసుపు రంగులో. ఊరికి తూర్పున గుట్ట కింద నుంచి రోడ్డు దాకా ఒకే పసుపు. ఇంతమంది అమ్ముతున్నారని నాకు తెలియదు. నా బంకు దగ్గర రోజూ టీ తాగేవాళ్ల చేలు కూడా ఉన్నాయి. వాళ్లు నాతో ఒక్కమాట అనలేదు. వాళ్లకైనా తెలుసా అని అప్పుడు అనుమానం రాలేదు, తర్వాత వచ్చింది.

ఆ పసుపులో నా పదీ ఉన్నాయి.

నూట పన్నెండు బై రెండు నొక్కాను. నేను తీసిన ఫొటో. వేపచెట్టు, ఎర్రచుక్క. కింద నా వాక్యాలు, ఒక్క అక్షరం మారకుండా. ఏజెంటు అన్న చోట నా పేరు, నా ఫోను నంబరు. దాని కింద సన్నగా, "ఈ ఆస్తిని ముప్పై ఒక్కరు చూశారు." పొయ్యి మీద పాలు పొంగి పోతున్నాయి. లేచి స్టౌ ఆర్పి మళ్లీ చూసేసరికి ముప్పై ముగ్గురు.

నాలుగు రోజులకు వదినే బంకు దగ్గరికి వచ్చింది. మోకాళ్ల వల్ల ఆమె రోడ్డుదాకా రావడం అరుదు. బెంచీ మీద కూర్చుని టీ పట్టుకుంది, తాగలేదు.

"నిన్న కార్లో ఎవురో వచ్చినారు మే. ఇద్దరు. గట్టు మీద నిలబడి నా పేరు పెట్టి పిలిచినారు."

"ఏమన్నారు?"

"బోర్లు మూడూ ఎండిపోయినాయి గదమ్మా అన్నాడు. అవునప్పా, నీకెవరు సెప్పినారు అన్నా. నవ్వినాడు. ఇంత అడవిలో ఒక్కదానివే ఉంటావు, ఏమన్నా అయితే ఎవురు సూస్తారు అన్నాడు. మంచిగానే అన్నాడు. అరవలేదు, ఏం లేదు." టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది. "నేను ఒక్కదాన్నే ఉంటానని వానికెట్ల తెలుసు మే?"

నేను పొయ్యి వైపు తిరిగి గిన్నె తోమాను. తోమిన గిన్నెనే మళ్లీ తోమాను. వదిన లేచి వెళ్లేదాకా తోముతూనే ఉన్నాను.

మర్నాడు బంకు మూసి అనంతపురం కంపెనీ ఆఫీసుకు పోయాను. మేడ మీద, చల్లటి గది. బల్ల వెనక ఉన్న మేడం చిన్న వయసు మనిషి. కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చింది.

"పది చేన్లు తీసేయాల మేడం," అన్నాను.

"ఎందుకు? మీవి బాగా చూస్తాండారే. అందరూ వివరాలు సగం సగం రాస్తారు. మీరు రాసినట్ల ఎవరూ రాయరు."

"వాళ్లు అమ్మేవాళ్లు కాదు. నేను పరీక్ష అనుకున్యా."

ఆమె నవ్వలేదు. "తీసేయాలంటే యజమాని సంతకంతో అర్జీ కావాల. ఒక్కొక్కరిది."

"పెట్టేటప్పుడు అడగలేదు గదా మేడం వాళ్లని?"

"పెట్టేటప్పుడు మీరు రైటు కొట్టినారు గదా, సమ్మతి ఉందని." ఆగి, మెల్లగా చెప్పింది. "ఇంకోటి. మీవి పదికి తక్కువయితే మీ అనుమతి పోతుంది. మళ్లీ లిస్టు కనపడదు. ఆలోచించుకోండి. అనుమతి రాక ఎంతమంది తిరుగుతాండారో మీకు తెలీదు."

తిరిగి వచ్చే బస్సులో ఫోను తీసి చూడకూడదనుకున్నాను. చూశాను. వదిన చేనును చూసినవాళ్లు డెబ్బై రెండు మంది.

బస్సు దిగి ఇంటికి పోకుండా వదిన చేనికే నడిచాను. దారిలో మొదటిసారి కొత్త హద్దురాళ్లు చూశాను. వదిన చేనికి ఉత్తరం వైపు గట్టు మీద, మూరెడు ఎత్తు, తెల్లసున్నం కొట్టినవి, ఒక్కోదాని మీద ఎర్రటి నంబరు. అది పక్కామె చేను. ఆమె కూడా మా పదిమందిలో మనిషే.

వదిన వేపచెట్టు కింద చింతపండు పిక్క తీస్తూ ఉంది. నోటితో చెబితే నాకు అనుకూలంగా చెప్పుకుంటానని తెలుసు. ఫోను తెరిచి ఆమె చేతికి ఇచ్చాను. చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని, పాలకేంద్రం వరండాలో చదివినట్టే పైకి చదివింది.

"మూడు... బోర్లు... వేశారు. మూడూ... ఎండిపోయాయి. భర్త... లేడు." అక్కడ ఒకసారి నా వైపు చూసింది. ఇంకా ఎవరు రాశారో ఆమెకు తెలియదు. "పిల్లలు లేరు. చేలోనే ఇల్లు. ఒక్కతే ఉంటుంది." వేలు పెట్టి కిందికి జరిపింది. నా పేరు దగ్గర ఆగింది. నా పేరు కూడా చదివింది, పూర్తిగా, ఇంటిపేరుతో సహా.

చాలాసేపు చింతపిక్కలు ఏరింది.

"ఒత్తులు బాగా నేర్సినావు మే," అంది చివరికి. "ఒక్క తప్పు లేదు."

"వదినా, నేను పరీక్ష అనుకుని..."

"మోకాళ్ల నొప్పులు గూడా రాసినావే. వానికేం మందు పూస్తాడనా?"

నేను ఏడ్చాను. ఆమె ఆపమనలేదు. లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. పాసుపుస్తకం, తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. అర్జీ నన్ను రాయమంటుందనుకున్నాను. కాగితం తన తొడ మీదికి లాక్కుంది.

"నాది నేను రాసుకుంటా. నువ్వు రాసింది సాలు."

నూట పన్నెండు బై రెండు, నాలుగు ఎకరాల పన్నెండు సెంట్లు, వారసత్వం. ఈ చేను అమ్మను. కింద సంతకం. రెండు వరసల అర్జీకి అరగంట పట్టింది.

మిగతా తొమ్మిది ఇళ్లకూ తిరిగాను. తిట్టినామె తిట్టింది. ఒకామె చెంప మీద కొట్టింది. ఆరుగురు అర్జీ రాశారు. ముగ్గురు రాయలేదు. వాళ్లకు కోపం కూడా రాలేదు, అది చూసే నాకు భయమేసింది. ఉత్తరం గట్టు ఆమె అంది, "ఉండనీలే మే. సోలారు వాళ్లంట, ఊరంతా తీసుకుంటారంట. ఎంతిస్తారో సూద్దాం. పండని నేలను ఎన్నాళ్లని కాపలా కాయాల?" ఆ ముగ్గురి చేలూ వదిన చేనికి ఉత్తరాన ఒకటి, పడమర ఒకటి, దక్షిణాన ఒకటి. తూర్పున రోడ్డు.

ఏడు అర్జీలు తీసుకుపోయి మేడం బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కటీ చూసింది. "ఇవన్నీ వాళ్లే రాసినారా?" అని అడిగింది. అవునన్నాను. స్టాంపు వేసి ఒక ట్రేలో పెట్టింది. సాయంత్రానికి ఫోనుకు రెండు మెసేజిలు వచ్చాయి. ఏడు ఆస్తులు తొలగించబడ్డాయి. మీ ఏజెంటు అనుమతి రద్దు చేయబడింది.

లిస్టు తెరిస్తే మళ్లీ మామూలు మనిషికి కనిపించేదే కనిపించింది. ఫొటోలు, ధరలు. పసుపు లేదు, గీతలు లేవు. వదిన చేను నిజంగా పోయిందో లేదో చూడాలంటే ఏజెంటు అయ్యుండాలి. తొలగించబడ్డాయి అన్న మాటనే రెండుసార్లు చదువుకున్నాను.

బంకు గుంజలు జూన్‌లో పీకేశారు. మొదటి వాన పడి, వదిన చేనులో ఇత్తనం వేసే పనికి నేను పోయాను. కూలికి కాదు. అప్పటికి మూడు వైపులా గట్ల మీద తెల్లరాళ్లు వచ్చాయి. పశ్చిమం గట్టు మీద ఒక రాయి మన వైపు జానెడు జరిగి ఉందని వదిన అంది. కొలిచి చూశాం. జానెడు కాదు, రెండు జానలు.

మేము సాలు మధ్యలో ఉండగా రోడ్డు మీద కారు ఆగింది. ఒకతను దిగి గట్టు దాకా వచ్చాడు. చెప్పులకు బురద అంటకుండా చూసుకుంటున్నాడు.

"అమ్మా, నూట పన్నెండు బై రెండు ఇదేనా?"

వదిన నడుము ఎత్తి నిలబడింది. "ఎవురు సెప్పినారప్పా నీకు?"

"లిస్టులో ఉండాది గదమ్మా," అన్నాడు అతను, మేమే ఏదో మరిచిపోయినట్టు.

"ఏదీ, సూపీ."

అతను ఫోను వదిన వైపు తిప్పాడు. చదవదని అనుకుని ఉంటాడు. మేమిద్దరం వంగి చదివాం. ఫొటో మారింది. ఎవరో పైనుంచి తీసినది, చేను మొత్తం, మూడు వైపులా తెల్లచుక్కలతో. కానీ కింది వాక్యాలు నావే. మూడు బోర్లు వేశారు. మూడూ ఎండిపోయాయి. భర్త లేడు. పిల్లలు లేరు. చేలోనే ఇల్లు. ఒక్కతే ఉంటుంది. ఏజెంటు అన్న చోట నా పేరు లేదు. మా ఊళ్లో ఎవరికీ తెలియని పేరు ఉంది.

"ఒక్కతే అని ఉండాదే ఈడ," అంది వదిన అతనితో. "మేం ఇద్దరం కనపడతాండామా లేదా నీకు?"

అతను మా ఇద్దరినీ చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని, "మళ్లీ వస్తాలేమ్మా," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ఆ వారమే నేను నా పెట్టె, పొయ్యి, రెండు గిన్నెలు తెచ్చుకుని వదిన ఇంటికి వచ్చేశాను. ఆ వాక్యాల్లో నేను మార్చగలిగింది అదొక్కటే. ఇప్పుడు ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. పొద్దున లేవగానే వదిన కట్టె పట్టుకుని మూడు గట్లూ తిరిగి రాళ్లు చూసుకుని వస్తుంది. ఈ పొద్దు వచ్చి గడప దగ్గర నిలబడి, లోపలికి రాకుండా చెప్పింది.

"తూర్పు పక్క గూడా ఒకటి నాటినారు మే. రోడ్డు పక్కన. దానికింకా నంబరు ఎయ్యలేదు."